కొలవకుండా పోసిన పాలు

మా అత్త పాలు అమ్మదు. పాలమ్మడం కడుపున పుట్టిన బిడ్డను అమ్ముకోవడంతో సమానమట. నెయ్యి మాత్రం అమ్మొచ్చట, దానికి పాపం లేదట. నెయ్యేమైనా ఆకాశంలోంచి ఊడిపడుతుందా? ఆ తేడా ఏమిటో ఇన్నేళ్లయినా నాకు అర్థం కాలేదు.

కర్నూలు రాజధాని అయిన ఏడాది మాకు వానల్లేవు. జొన్న మోకాలెత్తు లేవకుండానే ఎండిపోయింది. ఇక మాకు ఆధారం ఒక్క పాడి ఎనుము. వామిలో మేతకున్న చొప్ప అయిపోతే ఎనుమును సంతకు తోలాల్సిందే, ఆ తర్వాత మేం కూలికి పోవాల్సిందే. రెండు మైళ్ల అవతల కర్నూల్లో చూస్తే డేరాలు వేసి ఆఫీసులు పెట్టారు. వచ్చినవాళ్లందరికీ కాఫీలు, టీలు కావాలి. ఒక హోటలాయన పాలకోసం సైకిలు మీద మా వాకిట్లోకే వచ్చాడు. అత్త ఒంటికాలి మీద లేచింది.

నేను పోరగా పోరగా ఒక దారికి వచ్చింది. ఆయన చొప్ప ఇస్తాడు, మేం పాలు ఇస్తాం. అది అమ్మకం కాదు, ఇచ్చిపుచ్చుకోవడం. నేను ఊపిరి పీల్చుకునే లోపే అత్త కొలిచే శేరు తీసి దాచేసింది.

"కొలిస్తే అమ్మినట్లే గదమ్మా!" అంది.

చెంబుతో తోచినంత గుమ్మరించేది, పైన ఇంకో చెంబు. ఆయనేం తక్కువ తిన్నాడా? ఆయనా తోచినంతే తెచ్చేవాడు. మొదట మోపు, తర్వాత అరమోపు, చివరికి చంకలో పట్టేంత. పైగా "దేవతవి అవ్వా నువ్వు" అనేవాడు. నాకు ఒళ్లు మండేది. అత్త మీది కోపం దుత్త మీద అంటారే, నేను నిజంగానే రెండు దుత్తలు పగలగొట్టాను. మా ఆయనకు చెబితే, "మీ ఇద్దరి నడమ నన్ను లాగొద్దు" అని తువ్వాలు దులుపుకొని వెళ్లిపోయాడు. ఎనుముకు పక్కటెముకలు తేలాయి.

ఒక పొద్దున శేరు వెతికి తీసి నేనే కొలిచాను. ఇన్ని శేర్లకు ఇంత మోపు, ఇష్టం లేకపోతే వేరే హోటలు ఉందని చెప్పాను. మర్నాటి నుంచి ఆయన నిండు మోపే తెచ్చాడు. అత్త మాత్రం గోడవైపు తిరిగి కూర్చుంది. రోజూ అంతే, లోపల నేను కొలిచినంతసేపూ గోడే.

నెల తిరిగేసరికి ఎనుము కోలుకుంది. గెలిచానని నాకు గర్వం. అత్తేమో అప్పటికే సంగటిలో మజ్జిగ పోసుకోవడం మానేసి వట్టి కారంతో తింటోంది. నా కంటబడ్డాక పదిరోజులు ఓర్చుకున్నాను.

"ఏమత్తా, ఎందుకీ సాధింపు? ఎనుము బతికిందా లేదా?"

"బతికిండాది. నేను కాదన్నానా?"

"మరి మజ్జిగ ఎందుకు పోసుకోవు? ఇంటికని పాలు తీసిపెడుతూనే ఉన్నాను కదా!"

"యాడనుంచి తీసిపెడ్తాండావు? ఆఖరి శేరులో నీళ్లు కలిపే గదా? గోడకల్లా తిరిగుంటే నీళ్ల సప్పుడు ఇనపడదా నాకు? ఆయప్పకు పోవాల్సిన పాలు మిగిలిచ్చి చేసిన మజ్జిగ నాకు గొంతు దిగదు."

నిజమే, కలుపుతున్నాను. కొలవడం మొదలుపెట్టిన మూడోరోజు నుంచే కలుపుతున్నాను. అన్నాళ్లూ చెంబులకు చెంబులు గుమ్మరించినా ఆమె ఒక్క చుక్క నీళ్లు కలిపి ఎరగదు. ఆరోజు అత్త మీద వచ్చినంత కోపం నాకు జన్మలో ఇంకెవరి మీదా రాలేదు.