హద్దురాయి దాటిన యాక్సిడెంటు

కర్నూలు రాజధానిగా వెలిగిన ఆ కొద్దికాలంలో మనిషికి ప్రశాంతంగా అసూయపడే వీలు కూడా ఉండేది కాదు. సగం ఆఫీసులు డేరాల్లో నడిచేవి. ఎండకు గుడ్డ కాగిపోయి, గుమాస్తా మొదలు ఆఫీసరు దాకా అందరం ఒకే తీరుగా ఉడికేవాళ్లం. ఆ డేరాల్లో ఉన్న సుగుణం ఏమిటంటే పక్క డేరాలో ఎవరికి చీవాట్లు పడినా మనకు వినబడేవి. దుర్గుణం ఏమిటంటే ఎవరిని పొగిడినా అంతే స్పష్టంగా వినబడేది. రోడ్ల శాఖలో లెక్కల సహాయకుడిగా తాత్కాలికపు ఉద్యోగంలో చేరిన నేను ఆ పొగడ్తలు రోజూ వింటూ ఉండేవాణ్ని. వాటిలో ఒక్కటీ నాది కాదు. అన్నీ జున్నువే.

జున్ను అన్నది నేను మనసులో పెట్టుకున్న పేరు. మనిషి వేంపల్లె దగ్గర ఒక పల్లెలో భూములున్న ఇంటి బిడ్డ. మద్రాసులో నాతోపాటే గణాంకశాస్త్రం చదివాడు, నాతోపాటే ఉద్యోగంలో చేరాడు, కర్నూల్లో నాతోపాటే ఒకే గదిలో అద్దెకున్నాడు. మార్కులు నాకంటే తక్కువే (ఈ సంగతి అప్పట్లో ఎవరూ అడక్కుండానే చెప్పేవాణ్ని, ఇప్పుడూ చెప్పేశాను చూడండి). కానీ ఏం లాభం? మనిషి పొడగరి, నవ్వితే చక్కటి పలువరుస, ఎవరిని పలకరించినా వాళ్లింట్లో పుట్టి పెరిగినవాడిలా పలకరిస్తాడు. హెడ్‌గుమాస్తా దగ్గర్నుంచి టీ తెచ్చే ముసలాయన దాకా అతను కనబడితే నోట్లో జున్నుముక్క పడ్డట్టు మొహం పెట్టేవాళ్లు. పైగా అతని దగ్గర తోలు ఒరలో లెక్కలు కట్టే స్లైడ్‌రూలు ఒకటి ఉండేది. నాకు లేదు. అడక్కముందే "తీసుకో శెట్టీ, నీకు పని పడ్తాదేమో" అని నా బల్ల మీద పెట్టి పోయేవాడు. ఇవ్వకపోయినా కొంత బాగుండేది, కనీసం తిట్టుకోవడానికి ఒక కారణం దొరికేది.

అలా ఉండగా మా పెద్దసారు మా ఇద్దరికీ కలిపి ఒక పని అప్పగించారు. కోస్తా నుంచి వచ్చిన పెద్దమనిషి, కోపం తక్కువ, ముచ్చట ఎక్కువ. కర్నూలు నుంచి కడప దాకా రోడ్డు మీద ఎక్కడెక్కడ ఎన్ని యాక్సిడెంట్లు జరుగుతున్నాయో నేను లెక్క తేల్చాలి. జరిగినచోట మనుషులకు ఏ మాత్రం దెబ్బలు తగులుతున్నాయో జున్ను తేల్చాలి. "ఒక్క పర్మినెంటు పోస్టే మంజూరైందయ్యా. ఎవరి నివేదిక బాగుంటే వాళ్లకి. రెండోవాళ్లకి ఇక్కడ చోటు లేదు" అని కూడా చెప్పారు. రెండోవాడికి ఎక్కడ చోటుందో నాకు బాగా తెలుసు. కమలాపురంలో మా నాయన శనక్కాయల మండీలో, తక్కెడ పక్కన. "లెక్కలు ఈడ గూడా ఉండాయి గదరా నాయనా, యాడికో పోయి వేసేదెందుకు?" అని నేను బస్సెక్కిన రోజు ఆయన అడగనే అడిగాడు.

మా కాలేజీలో ఒక సూత్రం నేర్పారు. ఏదో దేశపు సైన్యంలో గుర్రాలు తన్ని సైనికులు ఎంతమంది పోతారో దానితో లెక్కకట్టారట. గుర్రం తన్నుకు పనికొచ్చింది బస్సుకు పనికిరాకపోతుందా అని నేను దాన్ని పట్టుకున్నాను. రోడ్డును ముక్కలుగా విడగొట్టి, ఒక్కో ముక్కలో బండ్లెన్ని తిరుగుతాయి, మలుపులెన్ని, వెడల్పెంత అని చూసి, ఇక్కడ ఇన్ని ప్రమాదాలు జరగాలి అని లెక్కకట్టేవాణ్ని. తర్వాత పోలీసు స్టేషన్ల నుంచి తెప్పించిన అసలు లెక్కతో సరిపోల్చేవాణ్ని. అంతా చక్కగానే కలిసింది, ఒక్కచోట తప్ప. అక్కడ రెండు స్టేషన్ల సరిహద్దులో ఒక హద్దురాయి ఉంది. రాయికి ఇవతల ఘోరమైన మలుపు, పక్కనే ఊరు. అక్కడ ఒక్క యాక్సిడెంటూ లేదు. రాయికి అవతల ఖాళీ బీడు, తిన్నటి రోడ్డు. యాక్సిడెంట్లన్నీ అక్కడే. నేను నాలుగు రోజులు గడ్డం పెంచి ఒక సిద్ధాంతం కనిపెట్టాను. మలుపులో డ్రైవరు ఒళ్లు దగ్గర పెట్టుకుంటాడు, తిన్నటి రోడ్డు కనబడగానే కునుకు తీస్తాడు. పెద్దసారు విని, "బాగుందయ్యా నీ కునుకు సిద్ధాంతం" అన్నారు. ఆ రోజు మెస్సులో నేను ధైర్యంగా రెండోసారి పెరుగు అడిగి వేయించుకున్నాను.

మర్నాడు జున్ను తన లెక్క వినిపించాడు. గాయాలను అతను మూడు గళ్లుగా విడగొట్టాడు: గీరుకుపోవడం, ఎముకలు విరగడం, ప్రాణం పోవడం. ఆస్పత్రుల నుంచి తెప్పించిన వివరాల్లో మొదటి గడి నిండా జనమే. చివరి గడిలోనూ పాపం కొందరున్నారు. నడిమి గడి మాత్రం దాదాపు ఖాళీ. ఈ సీమలో మనిషి గీరుకుపోయి ఇంటికన్నా పోతున్నాడు, లేదంటే పైకన్నా పోతున్నాడు, ఎముక మాత్రం విరగనివ్వడం లేదు. "రాగిసంగటి తిన్న ఎముక సార్, అంత సులభంగా విరగదు" అన్నాడు జున్ను. పెద్దసారు కళ్లజోడు తీసి కళ్లు తుడుచుకునేంతగా నవ్వారు. పక్క డేరా ఆఫీసర్లను పిలిపించి మళ్లీ చెప్పించారు. నా కునుక్కి "బాగుందయ్యా" ఒక్కటే దక్కింది, అతని సంగటికి కుర్చీలు వేయించారు. కడుపులో మంట అనే మాట వట్టి మాట కాదని ఆ పూట నాకు తెలిసింది. మధ్యాహ్నం మజ్జిగ తాగినా తగ్గలేదు.

"రాసే ముందు ఇద్దరూ ఒకసారి ఆ రోడ్డు కళ్లారా చూసి రండి" అని పెద్దసారు జీపు ఇప్పించారు. డ్రైవరు సాయిబు నన్ను దాటి వెళ్లి జున్నుకోసం ముందుసీటు దులిపాడు. నేను వెనక సీట్లో ఫైళ్ల పక్కన మరో ఫైలులాగా కూర్చుని, ఆ ముందుసీటు కేసే చూస్తూ ప్రయాణం చేశాను. రోడ్డు చూడటానికి వెళ్లినవాణ్ని రోడ్డు చూడనేలేదు. అందుకే ఆ ఘోరమైన మలుపు దగ్గర ఎదురుగా చొప్పబండి వచ్చిందని గానీ, సాయిబు దాన్ని తప్పించబోయి కల్వర్టు గోడకు కొట్టాడని గానీ నాకు చప్పుడైన తర్వాతే తెలిసింది. జున్ను కుడిచెయ్యి ముంజేతి దగ్గర వంకర తిరిగిపోయింది. సాయిబుకు పెదవి చిట్లింది. నాకేమీ కాలేదు.

చేలల్లోంచి జనం పరుగెత్తుకొచ్చారు. తలగుడ్డ చుట్టుకున్న ఒక పెద్దాయన మమ్మల్ని పరీక్షగా చూశాడు.

"పానాలకేం కాలేదు గదప్పా? దిగొద్దండి, అట్లే కూకోండి."

"దిగకుంటే ఎట్ల పెద్దాయనా? పోలీసోళ్లకు చెప్పల్ల గదా" అన్నాను.

"చెప్పుదురు లేప్పా, ఆ రాయి దాటినంక చెప్పండి. మా పొలిమేరలో పడిందంటే ఊరోళ్లమంతా సాక్ష్యాలకని తిరగల్ల. శనక్కాయ పెరికే దినాల్లో కోర్టుకు ఎవురు పోతారు? ఈ మలుపులో ఏది పడినా ఆ పక్కకు తోసిపెట్టేది మాకు అలవాటే."

"ఏది పడినానా?"

"ఏది పడినానే. బస్సయితే ఎద్దుల్ను కట్టల్ల. ఇది జీపే గదా, చేతుల్తోనే పోతాది. నువ్వు చక్రం పట్టుకోప్పా, చదువుకున్నోడి మాదిరి ఉండావు."

సాయిబు జున్నును పట్టుకుని ఉండటంతో స్టీరింగు చక్రం నాకే దక్కింది. వెనక పదిమంది "ఊఁ, పట్టండి" అని తోస్తుంటే, నేను జాగ్రత్తగా తిప్పుకుంటూ, నా సిద్ధాంతాన్ని నా చేతులతోనే హద్దురాయి దాటించి, తిన్నటి రోడ్డు పక్కన నిలబెట్టాను. అక్కడ ఎవడూ కునుకు తీయలేదు, ఎప్పుడూ తీయలేదు. బీడులో మేకలు కాస్తున్న ఒకాయన మమ్మల్ని చూసి లబలబలాడుతూ వచ్చాడు. "మళ్లా నాకే తెచ్చినారా? మొన్న లారీకి నన్నే సాక్ష్యమని పిలిచిరి, మేకల్ను ఎవురు చూడల్ల?" అన్నాడు. "ఇది చిన్నదేలేప్పా, సర్దుకో" అని పెద్దాయన నచ్చజెప్పాడు.

జున్ను ఆస్పత్రికి పోదామన్నాడు. "ఆస్పత్రికి పోతే చెయ్యి కోసి పారేస్తారు. మా కట్టు కట్టే ఆయప్ప ఉండాడు, పా" అని వాళ్లు అతన్ని అదే చొప్పబండిలో ఎక్కించారు. నేనూ ఎక్కాను. ఆ వైద్యుడి ఇంటి అరుగు మీద మనుషులు వరసగా కూర్చుని ఉన్నారు. ఒకాయనకు కాలికి వెదురుబద్దల కట్టు, ఒకామెకు భుజానికి, మరొకాయనకు రెండు చేతులకూ. ఎలా తగిలిందని అడిగితే బస్సు అన్నారు, లారీ అన్నారు, బస్సు మీదనుంచి పడ్డామన్నారు. జున్ను సంగటి సిద్ధాంతం కూడా పోయిందని నాకు అర్థమై, చెప్పకేం, కళ్లలో నీళ్లు తిరిగేంత సంతోషం కలిగింది. ఈ మాట ముందు నేనే అనాలని నోరు తెరిచేలోగా, అంత నొప్పిలోనూ అతనే నవ్వుతూ, "శెట్టీ, నా నడిమి గడి ఈడ కూచోనుండాది సూడు" అన్నాడు. అరుగు మీద వాళ్లంతా కూడా నవ్వారు. చెయ్యి విరిగినప్పుడైనా హాస్యాన్ని ఇంకొకరికి వదలొద్దూ ఈ మనిషి!

కర్నూలు తిరిగొచ్చాక ఇంకో బాధ మొదలైంది. గుడ్లసొన, ఆకుపసరు కలిపి కట్టిన కట్టుతో జున్ను మంచం మీద పడుకుంటే, ఆఫీసు ఆఫీసంతా బత్తాయిలు పట్టుకుని మా గదికి వచ్చింది. తలుపు తీసేది నేను, చాప వేసేది నేను, నీళ్లిచ్చేది నేను. హెడ్‌గుమాస్తా ఒక్కడు నన్ను ఎగాదిగా చూసి, "నీకేం తగల్లేదా?" అన్నాడు, నేనేదో తప్పించుకున్నట్టు. అదే జీపు, అదే గోడ, అదే చప్పుడు. ఆ రాత్రంతా ఏ సూత్రంతో కట్టినా నాకు న్యాయం కనబడలేదు. పొద్దున అద్దం తీసి ఒళ్లంతా వెదుక్కుంటే మోచేతి మీద ఒక గీత దొరికింది. "అది పాతదే శెట్టీ, మద్రాసులో ట్రాము దిగేటప్పుడు గీసుకున్న్యావు" అని మంచం మీదనుంచి జున్ను గుర్తుచేశాడు.

నివేదికలు ఇచ్చే గడువు దగ్గరికొచ్చింది. "శెట్టీ, నా చెయ్యి చూస్తాండావు గదా. నాది గూడా నువ్వే రాసిపెట్టల్ల. నేను చెప్తాంటా" అన్నాడు జున్ను. ముందు నాది రాసుకున్నాను. యాక్సిడెంటు పోలీసులు రాసుకున్న చోటు వేరు, జరిగిన చోటు వేరు, కాబట్టి నా లెక్క తప్పు అని పొడిపొడిగా రాసి ముగించాను. సొంత సిద్ధాంతానికి దినం పెట్టుకునేవాడికి మాటలేం వస్తాయి? జున్నుది రాసేటప్పుడు మాత్రం నా చెయ్యి నా మాట వినలేదు. అతను మూడు మాటలు చెబితే నేను ముప్పై రాశాను. ఆ అరుగు, ఆ వెదురుబద్దలు, రెండు చేతులకూ కట్టున్న ఆయనకు కూతురు అన్నం తినిపించడం, అన్నీ కళ్లకు కట్టేలా వచ్చాయి. మంచి వాక్యం తట్టినప్పుడు అది ఎవరి కాగితం మీద పడుతోందో చూసుకునే తెలివి నాకు లేదు. "ఆస్పత్రికి రాని నొప్పి లేని నొప్పి కాదు" అని రాసి, దాన్ని నాలుగుసార్లు చదువుకుని మురిసిపోయాను.

పెద్దసారు మా ఇద్దర్నీ నిలబెట్టి చదివారు. నాది చదివి, "నిజం ఒప్పుకున్నావు, మంచిదే" అన్నారు. జున్నుది చదువుతూ ఆ వాక్యం దగ్గర ఆగిపోయారు. పైకి చదివారు. కళ్లజోడు తీసేశారు. "ఎంత మాట రాశావయ్యా" అన్నారు మెల్లగా. ఆయన గొంతులో అంత గౌరవం నేనెప్పుడూ వినలేదు, అది నా పక్కనున్నవాడి మీదికి పోతోంది. నా వాక్యం మీద నాకే ఈర్ష్య పుట్టింది. అప్పుడు జున్ను గొంతు సవరించుకుని, "సార్, ఆ మాట నాది కాదు. ఈ శెట్టి రాసినాడు. నేను వట్టి లెక్క చెప్తి, అంతే" అన్నాడు.

పెద్దసారు నా వైపు తిరిగారు. "చూశావా," అన్నారు నాతో, "తన కష్టాన్ని స్నేహితుడికి ఇచ్చేస్తున్నాడు. ఇలాంటి మనసు ఎంతమందికుంటుంది?" మాట నాది, మెప్పు అతనిది, ఆఖరికి నిజం చెప్పిన పుణ్యం కూడా అతని ఖాతాలోకే. పోస్టు జున్నుకు ఇచ్చేశారు. "నీ చేతిరాత మాత్రం ముత్యాలయ్యా. కావాలంటే అతని కింద నివేదికలు ఎత్తిరాసే పని చూస్తాను" అని నాకు చెప్పారు. జున్ను కిందా! నేను నమస్కారం పెట్టి బయటికొచ్చి ట్రంకు పెట్టె సర్దుకున్నాను.

మర్నాడు కడప బస్సులో కిటికీ పక్కన కూర్చున్నాను. పెట్టె టాపు మీద కట్టేశారు. జున్ను మెడలో చెయ్యి వేలాడేసుకుని బస్టాండుకు వచ్చాడు. బతిమాలతాడనుకున్నాను. బతిమాలితే ఏమనాలో కూడా గట్టిగా రెండు వాక్యాలు తయారు చేసుకున్నాను.

"పోతాండావా?" అన్నాడు.

"పోతాండా."

"మంచిది శెట్టీ. మీ నాయనకు ఆసరా అవుతాది." మెడలోని గుడ్డ సర్దుకుని, "నాకు రాసేదానికి ఆదోని నుంచి ఒకాయప్పను పిలిపిస్తాండారు. రాత శానా బాగుంటాదంట. మాటలు గూడా బాగా పేరుస్తాడంట" అన్నాడు.

"ఎవురు చెప్పినారు?"

"అందరూ చెప్తాండారులే."

"నాకంటే బాగానా?"

"నేనింకా చూడలేదు. సూస్తే గదా తెలిసేది."

డ్రైవరు హారన్ కొట్టాడు. జున్ను నివేదికలు ఇంకొకడు రాయడమా? ఆ అరుగు గురించి, ఆ మనుషుల గురించి, ఆదోనివాడెవడో వచ్చి మాటలు పేర్చడమా? నేను లేచి, పైనున్న క్లీనరును పిలిచి పెట్టె దింపమన్నాను. చుట్టూ ఉన్నవాళ్లు విసుక్కున్నారు. జున్ను మాత్రం ఎడమచేత్తో పెట్టెకు ఒక పక్క పట్టాడు.

రాజధాని హైదరాబాదుకు మారితే అతనితోపాటే నేనూ మారాను. రిటైరయ్యేదాకా అతని కిందే ఉన్నాను. మాటలు నావి, మెప్పులు అతనివి. ప్రతిసారీ అతను నావేనని చెప్పేవాడు, ప్రతిసారీ ఎవరూ నమ్మేవాళ్లు కారు, ప్రతిసారీ నేను ఉడుక్కునేవాణ్ని. బస్సు దిగి పెట్టె మోసుకుంటూ నడిచిన ఆ కుర్రవాణ్ని తలుచుకుంటే ఇప్పుడు నవ్వొస్తుంది. ఆ ఆదోని ఆయన మాత్రం మా ఆఫీసులో ఎప్పుడూ కనబడలేదు. అసలు అలాంటి మనిషి ఉన్నాడా అని జున్నును ఇప్పటిదాకా అడగలేదు. లేడంటాడేమోనని ఒక భయం, ఉన్నాడంటాడేమోనని ఇంకో భయం.