మూత తీయని మూడు జాడీలు

రొహాయు మా యూనివర్సిటీ ల్యాబులో అడుగుపెట్టిన రోజే నేను ముక్కు మూసుకున్నాను. చంకలో పెద్ద జాడీ, వెనకాల తోపుడుబండి మీద మరిన్ని. చిన్న చేపల్ని ఉప్పులో నెలల తరబడి ఊరబెట్టి తీసే బుడూ పులుసంటే మలేషియాలో మా కెలంతాన్ వాళ్లకి ప్రాణం, కాదనను. కానీ అది కంచం పక్కన ఉండాలి, నేను రోజూ తుడిచే బల్లల మీద కాదు.

"మీ అమ్మ బజార్లో బుడూ అమ్ముతుందని నువ్విక్కడ దుకాణం తెరుస్తావా పిల్లా?"

"దుకాణం కాదక్కా, మాస్టర్స్," అంది పళ్లన్నీ బయటపెట్టి.

నెలకో జాడీ తెరిచి చూసుకునేది. పాతబడే కొద్దీ అందులో ఎవరూ పేరు పెట్టని సూక్ష్మజీవి ఒకటి పెరుగుతోందని కనిపెట్టింది. ఆ రోజు ఆ పిల్ల కేకకి నేను పరీక్షనాళిక పగలగొట్టుకున్నాను. ఆ సూక్ష్మజీవి పులుసుని చివరికి ఏం చేస్తుందో తెలియాలంటే, మిగిలిన మూడు జాడీల్నీ ఇంకో రెండేళ్లు ముట్టుకోకూడదు. మాస్టర్స్‌కి అంత గడువెక్కడిది? ఈ నెలలో మూడూ తెరిచి, రాసిచ్చి, అక్టోబరులో పట్టా పుచ్చుకోవాలి. లేదంటే మాస్టర్స్ మధ్యలోనే వదిలేసి నేరుగా పీహెచ్‌డీలోకి మారాలి. కమిటీ ఒప్పుకుంటే మా దగ్గర అలా మారొచ్చు.

అక్కడ వాళ్లమ్మేమో పట్టా ఇచ్చే రోజు కోసం ఇంటిల్లిపాదికీ ఒకే రంగు బట్టలు కుట్టించేసింది.

"అమ్మకి చెప్పావా?"

"కమిటీ అవునన్నాక చెప్తా అక్కా."

"కాదంటే?"

"చెప్పడానికేముంది? జాడీలు తెరిచెయ్యడమే."

కమిటీకి బయటినుంచి ప్రొఫెసర్ హస్మాదీ వచ్చారు. ఆయన పేరు చెబితే పిల్లలకి జ్వరం వస్తుంది. పొద్దున్నంతా దాన్ని ప్రశ్నలతో ఉతికి ఆరేసి, భోజనమయ్యాక ఏ సంగతీ చెబుతామన్నారు. నేను ఉత్సాహం పట్టలేక కమిటీ గదిలోనే అన్నం, కాల్చిన చేప, పచ్చి ఆకులు సర్ది పెట్టాను. కమిటీకి చూపించిన జాడీలు పక్క బల్ల మీదే ఉన్నాయి.

ప్రొఫెసర్ గారు కూర్చుని అటూ ఇటూ చూశారు. "అన్నముంది, చేపుంది, ఆకులున్నాయి. బుడూ ఏదమ్మా?"

కొన్న సీసా తెచ్చి పెట్టాను. ఆయన పక్కకి తోసేశారు. "ఇంటి సరుకు ఎదురుగా పెట్టుకుని ఈ సీసా ఏంటి? రొహాయూ, ఆ జాడీ మూత తియ్యి."

మా వైపు అతిథి నోరు తెరిచి అడిగిన తిండి లేదనడమన్నది లేదు. పైగా ఈ అతిథి చేతిలోనే రొహాయు భవిష్యత్తుంది. దాని గైడు కంచంలోకి తల దించేశాడు. రొహాయు లేచి వెళ్లి రెండు చేతులూ మూత మీద వేసింది.

"తియ్యను సార్."

ప్రొఫెసర్ గారు కుర్చీ వెనక్కి జరిపారు.

"ఏమన్నావ్?"

"మూడిట్లో ఏది తెరిచినా నా పని ఆగిపోతుంది సార్. పీహెచ్‌డీ వద్దని చెప్పండి, మూడూ తెరిచి నేనే వడ్డిస్తా, గిన్నెడు తాగండి. అప్పటిదాకా తియ్యను."

"గిన్నెడా!" ప్రొఫెసర్ గారు పొలమారేదాకా నవ్వారు. తర్వాత గైడు వైపు తిరిగారు. "ఇంత మొండిదాన్ని ఇంకా మాస్టర్స్‌లో కూర్చోబెట్టావేంటయ్యా?" అని, ఆ కొన్న సీసానే దగ్గరికి లాక్కున్నారు.

సంతకాలయ్యాయి. ల్యాబులో పరిగెత్తితే తిట్టే నేను, దాన్ని పట్టుకుని గెంతాను. అది ఏడుస్తూనే స్పీకర్ పెట్టి వాళ్లమ్మకి ఫోన్ చేసింది.

"అమ్మా, అక్టోబరులో పట్టా లేదే. మాస్టర్స్ వదిలేశా. నేరుగా పీహెచ్‌డీ! ఇంకో మూడేళ్లు!"

"మూడేళ్లా? అప్పటికి మీ పిన్ని ఆ బట్టల్లో పట్టదే!" ఆ తర్వాత మెల్లిగా, "జాడీల మూతలు ఎవరూ తియ్యలేదు కదా?"

"ప్రొఫెసర్ గారు తియ్యమన్నారమ్మా. అన్నం ముందు కూర్చుని. తియ్యనన్నా."

ఫోన్ చెవి దగ్గర ఉండగానే ఆవిడ బజారంతా వినబడేలా కేకేసింది. "విన్నారా! మా అమ్మాయి ప్రొఫెసర్‌కే మూత తియ్యనందంట!"