కొంగు తడిసే సినిమా

ఎనభైల మొదట్లో ఓ ఉదయం చిత్తూరు నుంచి తిరుపతి వెళ్లే బస్సులో ఒకామె నా పక్కన కూర్చుంది. యాభై ఏళ్లుంటాయి. నా చేతిలోని సినిమా పత్రిక చూసి మాటలు కలిపింది. ఆ నెలలో నాలుగు సినిమాలు చూసిందట.

“ఆ ఫైట్ల సినిమా దండగమ్మా. నవ్వుల సినిమా ఇంకా దండగ, మధ్యలోనే లేసొచ్చేసినా. అన్నాసెల్లెళ్ల సినిమా మాత్రం శానా బాగుండాది. కొంగంతా తడిసిపాయ.”

నాకు నవ్వొచ్చింది. “దుడ్డిచ్చి ఏడ్చేదెందుకక్కా?” అన్నాను.

ఆమె కోప్పడలేదు. “మా పిల్లోడు ఉగాదికి ముందర పోయినాడమ్మా. ఇరవై రెండేండ్లు వానికి. మా ఆయనకు గుండెజబ్బు. నా కండ్లల్లో నీళ్లు సూస్తే తట్టుకోలేడని ఇంట్లో ఏడవను. సినిమాలో అయితే అందరూ ఏడుస్తా ఉంటారు. ఎందుకని ఎవురూ అడగరు” అంది.

నేను పత్రిక మూసేశాను. ఆమే మళ్లీ అడిగింది.

“తిరపతిలో ఇప్పుడు ఏది బాగుండాది?”

ముందు వారం నేను చూసిన సినిమా చెప్పాను. అది ఒక తల్లి కథ అని కొంచెం తటపటాయిస్తూ చెప్పాను.

“ఎంతసేపు ఏడవొచ్చు?”

“ఇంటర్వెల్ తర్వాత అంతా” అన్నాను.

బస్సు దిగాక హాలు దాకా వెళ్లి చూపించాను. మ్యాట్నీకి ఇంకా గంటన్నర ఉంది. ఇంకా తెరవని ఆడవాళ్ల టికెట్ల కిటికీ ముందు ఆమె ఒక్కతే వెళ్లి నిలబడింది.

ఇప్పటికీ సినిమా హాల్లో పక్క సీటులో ఎవరైనా వెక్కుతుంటే నేను అటు చూడను.