మూడుసార్లు పిలిచే సారు

మా కాలేజీ అడ్మిషన్ల సారు పోయారని ఆయన భార్య ఫోన్ చేసేసరికి, నేను కొత్తగా చేరబోయే పిల్లల మార్కుల జాబితా ముందేసుకుని కూర్చున్నాను. జూన్ నెల, పొద్దున పదిన్నర. "మీ సారు లేరమ్మా" అని ఒక్క ముక్క చెప్పి పెట్టేసిందామె. నేను మాత్రం ఇంకో రెండు పేర్లకు శాతాలు కట్టాను. రెండూ తప్పే. లెక్కలు చెప్పే లెక్చరర్ని, నాకది అలవాటు లేదు.

నరసరావుపేటలోని మా డిగ్రీ కాలేజీలో ఆయన ఉద్యోగం గుమాస్తాగిరీ. చేసిన పని మాత్రం త్రాసు పట్టడం. మన ఇంటర్ మార్కులు వెయ్యికి, కేంద్ర బోర్డువి ఐదొందలకి, కర్ణాటక పీయూసీవి ఆరొందలకి. ఒకేషనల్ ఇంటర్ వాళ్ళు సైన్సులో చేరాలంటే బ్రిడ్జి కోర్సు కాగితం ఉండాలి. కృష్ణ దాటి పక్క రాష్ట్రం నుంచి వచ్చినవాళ్ళు మైగ్రేషన్ సర్టిఫికెట్ తేవాలి. ఇవన్నీ ఒకే వరుసలోకి తెచ్చి, ఎవరికి సీటో తేల్చేవారు. కాలిక్యులేటర్ ముట్టేవారు కాదు. ఓసారి దొంగచాటుగా ఆయన లెక్కలన్నీ తిరిగి చేసి చూశాను. ఒక్క తప్పూ దొరకలేదు, ఒళ్ళు మండింది.

సర్టిఫికెట్ ఇవ్వగానే మార్కులు చూసేవారు కాదు. ముందు పేరు పైకి చదివి, ఎదురుగా ఉన్న మొహం వంక చూసేవారు. "బోర్డులు వేరమ్మా, పిల్లలు ఒకటే" అనేవారు.

ఆయన తండ్రి గురజాల కోర్టులో బంట్రోతు. ఆ పిలిచే గొంతు ఈయనకూ వచ్చింది. అడ్మిషన్ల చివరి రోజు, భోజనాల బెల్లుకు ముందు వరండాలోకొచ్చి, జాబితాలో ఎక్కడా లేని ఒక పేరు పిలిచేవారు. "మల్లేశ్వరి! తండ్రి కోటయ్య, వెల్దుర్తి!" అలా మూడుసార్లు. ఎవరూ పలికేవారు కాదు.

నేను మొదట విన్నది డిగ్రీలో చేరడానికి వచ్చినప్పుడే. మాది రెంటచింతల. పదో తరగతి తర్వాత చదువు ఆగిపోతే, కోల్డ్ స్టోరేజీలో మిరపకాయలకు తొడిమెలు తీస్తూ ఓపెన్ స్కూల్లో ఇంటర్ పూర్తిచేశాను. ఆ సర్టిఫికెట్ చెల్లదని ఊళ్ళో అందరూ భయపెట్టారు. దాన్ని చూడగానే సారు కుర్చీలోంచి లేచి నిలబడ్డారు.

"పేరేందమ్మా? ఊరేంది? వెల్దుర్తి కాదు గదా?"

కాదని చెప్పాను. అయినా ఇంకోసారి అడిగారు. సీలేసి, "ఇది చెల్లుద్ది. ఎవరు కాదన్నా చెల్లుద్ది" అన్నారు. ఈయనకు పిచ్చి అనుకున్నాను. కాసేపటికి ఆ పిలుపు మొదలైంది. మొదటిసారి పిలిస్తే వరుసలో పిల్లలు కిసుక్కున నవ్వారు. రెండోసారికి నవ్వు ఆగింది. మూడోసారి పిలిచి ఆయన మెట్ల వైపు చూస్తుంటే, మేమందరం అటే చూశాం. ఎండ తప్ప ఏమీ లేదు.

అసలు సంగతి నేనక్కడే లెక్చరర్‌గా చేరాక చెప్పారు. నాకు ముందు సంవత్సరం ఆ మల్లేశ్వరి అచ్చం నాలాంటి సర్టిఫికెట్‌తోనే వచ్చింది. ఇంటర్‌తో సమానం కాదని ఈయన తిప్పి పంపేశారు. సమానమేనని పైనుంచి వచ్చిన సర్క్యులర్, కవరు కూడా చింపకుండా ఫైలు కింద ఉండిపోయింది. అడ్మిషన్లు ముగిసిన నాలుగో రోజు చదివి, మాచర్ల బస్సెక్కి వెల్దుర్తి వెళ్ళారు. ఇల్లు తాళం. ఇంటిల్లిపాదీ ఇళ్ళు కట్టే బేల్దారి పనికి హైదరాబాద్ పోయారన్నారు. మళ్ళీ ఎన్నిసార్లు వెళ్ళినా అదే తాళం.

"ఇంక మానెయ్యండి సార్, పిల్లలు భయపడుతున్నారు" అన్నాను విసుగ్గా.

"కోర్టులో మూడుసార్లు పిలవందే మనిషి రాలేదని రాయరమ్మా. నేను పిలవకుండానే పంపేశా." గొంతు తగ్గించారు. "ఒక్కో ఏడు బల్ల ముందు ఎవరో నిలబడ్డట్టే ఉంటది. తలెత్తితే ఉండరు."

నేను నవ్వేశాను. ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తోంది. ఆ అమ్మాయికి కాదన్న కాగితమే కదా, నాకు అవునన్నారు. ఆమెకు జరిగిన అన్యాయం మీద కూర్చునే నేను చదువుకున్నాను. రిటైరయ్యాక కూడా ఆయన శావల్యాపురం నుంచి ఏటా చివరి రోజుకు వచ్చి పిలిచి వెళ్ళేవారు.

చివరిచూపుకు వెళ్ళినప్పుడు ఆయన భార్య నన్ను పక్కకు తీసుకెళ్ళింది. "ఈ మూడు రోజులూ అదే పిలుపమ్మా. నిన్న మాత్రం పిలిచి, తలుపు వంక చూసి, కుర్చీ వెయ్యమన్నాడు. ఎవరికయ్యా అంటే, వచ్చింది గదా, కనపట్టంలా? అన్నాడు. ఏం చేస్తాను, ఏశాను."

ఈ ఏడు అడ్మిషన్లన్నీ ఆన్‌లైన్. కాగితాల పరిశీలన మాత్రం మా వరండాలోనే, నా బల్ల దగ్గరే. చివరి రోజు ఒంటిగంట కావస్తోంది. పిలవకపోతే మల్లేశ్వరి రాలేదని నేనే రాసేసినట్టు అనిపించింది. లేచి పిలిచాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. రెండోసారి పిలిచాను. మూడోసారి పిలిచాను.

వరుసలో ఉన్న పిల్లలకు ఈ కథేదీ తెలీదు. అందరూ తలలు వంచి ఫోన్లు చూసుకుంటున్నారు. మెట్ల దగ్గర నిలబడ్డ కుర్రాడు, తల ఎత్తకుండానే, ఎవరికో దారిచ్చినట్టు గోడకు జరిగాడు. తర్వాత అతని ముందున్న అమ్మాయి. ఆ తర్వాత ఇంకొకరు. ఒక మనిషి పట్టేంత సందు, నడిచే వేగంతోనే, నా బల్ల దాకా వచ్చి ఆగింది.

భయమేసింది, అంతకంటే ఎక్కువగా ఏడుపొచ్చింది. "తప్పు మాదేనమ్మా, నీది చెల్లుతుంది" అన్నాను, పైకే.

పిల్లలు మళ్ళీ వరుసలో కలిశారు. తర్వాతి అమ్మాయిని రమ్మన్నాను. ఆమె బల్లకు ఒక అడుగు వెనకే నిలబడి, చెయ్యి బాగా ముందుకు చాపి, నాకు సర్టిఫికెట్లు అందించింది.