గంజి వాసన చూపించిన కంత

మా నాయనది వనపర్తిలో కిరాణా దుకాణం. దిష్టికి కట్టే నిమ్మకాయలు, ఎండు మిరపకాయలు, పటిక గడ్డలు మేమే అమ్మేవాళ్లం. అమ్మేవాడు నమ్మితే దుకాణం నడవదు. అందుకే చిన్నప్పటి నుంచీ దయ్యమంటే నాకు సరుకే తప్ప భయం కాదు. ఎవరైనా దయ్యం ముచ్చట మొదలుపెడితే ఇందులో వీడికి ఏం మిగులుతుందా అని చూసే రకాన్ని. ఇది రాస్తే నాకు మిగిలేదేమీ లేదు. పైగా ఉన్న పరువు పోతుంది.

తొంభైల చివర్లో గద్వాలలో ఒక సేటు నడిపే డిజైన్ సెంటర్‌లో కంప్యూటర్ పని చేసేవాణ్ని. నేతగాళ్లు చీర అంచు నమూనాను గళ్ల కాగితం మీద గీసుకొని తెస్తే, నేను దాన్ని గడి గడిగా కంప్యూటర్‌లోకి ఎక్కించేవాణ్ని. ఆ ప్రకారం మగ్గానికి తగిలించే అట్టలకు చిల్లులు గుద్దేవారు. ఒక పెద్ద యంత్రం, దానికి మూడు తెరలు. ఎవరి నమూనా వాళ్లకే కనిపించాలని తలా ఒక పేరు, ఒక పాస్‌వర్డ్.

ఒక పొద్దున పద్మక్క వచ్చింది. ఆమెది నేతపని. ఆమె మామ వీరప్ప కూడా మా దగ్గర అంచులు ఎక్కించుకున్నవాడే. ఆ ఎండాకాలమే చనిపోయాడు. ఆమె చేతిలో ఒక పవర్‌లూమ్ చీర ఉంది. అంచు మాత్రం ఆమెది. ఆమె మగ్గం మీద చీర ఇంకా దిగనే లేదు, బజారులోకి నకలు వచ్చేసింది.

"మా మామ అంచు గిట్లనే పాయె. నాదొకటి పాయె. మొన్న ఎక్కిచ్చింది గూడ పోతే మగ్గం ఊడదీసి బొంబాయికి కూలికి పోవుడే తమ్మీ," అంది. ఆ కొత్త అంచు చూడటానికి కొనేవాళ్లు పది రోజుల్లో వస్తున్నారు.

రెండు రోజులు వెతికితే కంత దొరికింది. పేరు అడిగిన చోట నేతగాడి పేరు కొట్టి, వెనకాలే ఒక అక్షరాన్ని అలాగే నొక్కి పట్టుకుంటే చాలు. పేరుకు కేటాయించిన జాగా నిండి, అక్షరాలు పక్క జాగాలోకి పొర్లుతాయి. పాస్‌వర్డ్ సరిపోయిందా లేదా అన్న గుర్తు ఉండేది ఆ పక్క జాగాలోనే. అది చెరిగిపోయి తలుపు తెరుచుకుంటుంది. పది శేర్ల డబ్బాలో పన్నెండు శేర్లు పోస్తే పక్క డబ్బా పాడైనట్టు.

తప్పు మా ప్రోగ్రాములో లేదు, యంత్రంతో పాటు వచ్చిన సిస్టమ్ లైబ్రరీలో ఉంది. బజారంతా ఒకే తరాజు వాడినట్టు, ప్రోగ్రాములన్నీ దాన్నే వాడతాయి. సోర్స్ కోడ్ సీడీలో ఉంది కాబట్టి విప్పి సరిచేయవచ్చు.

ఎవరెవరు ఎప్పుడు లోపలికి వచ్చారో యంత్రం రాసుకుంటుంది. ఆ జాబితా తీశాను. పద్మక్క పేరు, దాని వెనక వరసగా ముప్పై నలభై 'ఎ'లు. వీరప్ప పేరు వెనకా అంతే. అన్నీ మా సేటు గదిలోని తెర మీంచే, అన్నీ మధ్యాహ్నం భోజనమయ్యాకే. అన్నం తిన్న చేత్తోనే ఒకరి అన్నం లాక్కున్నాడన్నమాట.

జాబితా ఆయన ముందు పెట్టాను. ఆయన వక్క నములుతూనే చూశాడు.

"లోకానికంత మూసెయ్. నాకు జర కంత ఉంచు. నీదేం బోయింది?"

"పుక్యానికా, సేటూ?"

ఊరికే చేస్తానా అన్న ఆ మాట నాదే. దాచను. సంచీ భుజాన వేసుకొని మెట్లు దిగాను. రెండో మెట్టు మీదే పిలుస్తాడనుకున్నాను, నాలుగో మెట్టు దాకా పిలవలేదు. నా ధర నేనే ఎక్కువ వేసుకున్నాను. చివరికి ఉద్యోగం ఖాయం, మేడ మీద గది నాకు అన్న ఒప్పందం కుదిరింది.

లైబ్రరీలో పేరు పొడవు చూసే షరతు పెట్టాను. ఒక ప్రత్యేకమైన మాటతో మొదలైతే మాత్రం చూడకుండా వదిలేసేలా సేటు కోసం సందు ఉంచాను. నలభై రకాల పరీక్షలు రాసుకున్నాను. పొట్టి పేరు, పొడుగు పేరు, ఉత్త ఖాళీ, ఒక్క అక్షరం ఎక్కువ, ఒక్కటి తక్కువ. అన్నీ సరిపోయాయి.

ఇక సేటు సందు పరీక్షించాను. తలుపు తెరుచుకుంది. ఆ వెంటనే గది నిండా పులిసిన గంజి కంపు. దారానికి పట్టించే గంజి మూడు రోజులు మూలన పడితే వచ్చే కంపు. వేళ్లు మీటలకు అతుక్కున్నాయి. బట్టతో తుడిస్తే, ఆరాక ఆ బట్ట అట్టలా బిగుసుకుంది.

పట్టపగలు, పదకొండు గంటలు. ఆ మేడలో మగ్గం లేదు, వంట లేదు. బల్ల కింద, కిటికీ వెనక, ఎలుక చచ్చిందేమోనని బీరువా వెనక కూడా చూశాను. సందు ఉన్న లైబ్రరీ పెట్టి మూడుసార్లు, తీసేసి మూడుసార్లు నడిపాను. ఉంటే కంపు, లేకపోతే లేదు.

సందు ఉన్న లైబ్రరీ మళ్లీ పెట్టి, పద్మక్కకు విషయం చెప్పకుండా రమ్మని కబురు పంపాను. గడప దగ్గరే ముక్కు మూసుకుంది.

"గిదేంది, మా మామ గంజి వాసనొస్తుంది? పల్లినూనె జాస్తి పోస్తుండె ఆయన. ఎన్నిసార్లు చెప్పినా ఇనకపోతుండె."

ఆ రోజు అన్నం ముందు కూర్చుంటే వాంతి వచ్చింది. సేటు సందు తీసేశాను. నీతి పుట్టి కాదు, ఆ కంపు భరించలేక.

మళ్లీ నలభై పరీక్షలు నడిపాను. నలభైకి నలభై సరే. ఫలితాలు ప్రింటరుకు పంపగానే మళ్లీ అదే కంపు. ఒళ్లు మండింది. "ఇంకేం గావాలె నీకు?" అని ఖాళీ గదిలో అరిచాను. మర్నాడూ అంతే. పేరు అడిగే చోట ఏమీ లేదు, ప్రింటర్ కదిలితేనే వాసన.

విసుక్కుంటూనే లైబ్రరీలో ప్రింటింగుకు సంబంధించిన భాగం తెరిచాను. అక్కడ ఫైలు పేరు తీసుకునే చోట అదే తప్పు. పేరు పొడుగ్గా ఇస్తే పాస్‌వర్డ్ లేకుండా ఎవరి అంచైనా కాగితం మీద అచ్చు పడుతుంది. ఆ కంత సేటుకు తెలియదు, నాకూ తెలియదు. అదీ మూసి, ప్రోగ్రాములన్నీ కొత్త లైబ్రరీతో కట్టి నడిపాను. ప్రింటర్ కదిలింది. కాగితం వాసన, సిరా వాసన, అంతే.

కొనేవాళ్లు వచ్చారు. పద్మక్క అంచు అప్పటికి బజారులో ఎక్కడా లేదు. ఆమె మగ్గం ఆగలేదు. సేటు తన సందు కొట్టి చూసుకున్న మధ్యాహ్నమే నా ఉద్యోగం, మేడ మీద గది రెండూ పోయాయి.

వెళ్లేముందు పద్మక్కను అడిగాను, మీ మామ ఎప్పుడైనా కంప్యూటర్ ముట్టుకున్నాడా అని. ఆమె నన్ను వింతగా చూసింది.

"యాడ ముట్టనిచ్చినవ్ తమ్మీ? పాస్‌వర్డ్ గూడ నన్నే కొట్టమంటివి. 'చేతులకు గంజి ఉంది, మీటలు ఖరాబైతయి, బయట నిలవడు' అన్లే నువ్వు? రెండు గంటలు ఎండల నిలవడ్డడు."

నాకు గుర్తు లేదు. అన్నానేమో. అనే ఉంటాను, నా మాట తీరు నాకు తెలుసు.

నా నలభై పరీక్షలు సరేనన్న చోట కాదని చెప్పింది ఏమిటో నాకు ఇప్పటికీ తెలియదు. చదువు రాని మనిషికి, ఆ గది గడప దాటని మనిషికి, ప్రింటర్‌లో కంత ఉందని ఎలా తెలుస్తుంది? అంతకన్నా అర్థం కానిది ఇంకొకటి. అంచు దొంగిలించినవాడు సేటు. అదే మేడలో, అదే వాసనలో మూడు రోజులు కూర్చున్నాడు. ఆయనకు ఒక్కసారి కూడా కంపు తగలలేదట.