డైరీలో ‘చూశాడు’ అని రాసిన చోట

మార్చి పదకొండు, మంగళవారం. కాలేజీ ల్యాబులో ఉన్నవాళ్లు: నేను, ధర్మవరంలో మా వీధిలోనే పట్టుచీరలు నేసే నా మిత్రుడు, ఆయన భార్య, తాళం తీసిన లెక్చరరమ్మ. అదే ల్యాబులో పనిచేసి రిటైరైనవాణ్ణి నేను.

షుగరు వల్ల మిత్రుడికి ఎడమ పాదం తీసేశారు. పెట్టిన కట్టుడు పాదం నడకకు సరిపోయింది గానీ, గుంతలోకి కాళ్లు దించి పలకలు తొక్కే గుంతమగ్గానికి తగ్గట్టు వంగలేదు. అందుకని కార్బన్ ఫైబర్ గుడ్డను పొరలుగా పేర్చి, ఎపాక్సీ జిగురుతో అతికించి, ఆ పాదంలో బిగించే స్ప్రింగు పట్టీ మేమే చేశాం. మొదటిది తొమ్మిదో రోజు పరోటాలా పొరలుగా విడిపోయింది. నార తెగలేదు, ఎపాక్సీయే పట్టు వదిలింది. నారను శుద్ధిచేసి రెండోది చేశాం. అదీ విడిపోయింది.

“ఇదే కడాసారి అన్నా,” అంది ఆయన భార్య. “ఈసారీ ఊడితే మగ్గం ఇప్పేసి గుంత పూడ్పిస్తా. ఎర్రమట్టికి చెప్పినా, రేపు ట్రాక్టరొస్తాది. దినామూ ఆ గుంత గట్టున కూచోని ఈయప్ప చూస్తాంటే నాకు పానం పోతాండాది.”

కార్బన్ నార మహా నున్నగా ఉంటుంది. దాని మీద ఫ్యాక్టరీ వేసిన పూత మా ఎపాక్సీకి సరిపడదు. ఈ సంగతి చెప్పగానే మిత్రుడికి అర్థమైంది. “పట్టును ఉడకబెట్టి బంక తీయకుంటే రంగు పడతాదా? ఇదీ అంతే కదన్నా!” అన్నాడు. అయితే పట్టుకు బంక తీస్తే చాలు. ఈ నారకు అసిటోన్‌తో పూత కడిగాక, నైట్రిక్ యాసిడ్‌లో నానబెట్టి పైభాగాన్ని కాస్త కొరికించి గరుకు చేయాలి. అప్పుడే ఎపాక్సీకి పట్టు దొరుకుతుంది. శుద్ధికి ముందు నీటిచుక్క వేస్తే తామరాకు మీదలాగే నిలుస్తుంది. తర్వాత వేస్తే పరుచుకుంటుంది. రెండోసారి పరుచుకుంది కూడా. మరి ఎందుకు ఊడింది?

రెండో పట్టీ పొరలు విప్పి భూతద్దంతో చూశాను. అన్నిచోట్లా ఎపాక్సీ నారను కరిచిపట్టుకునే ఉంది. ఊడడం మొదలైన అంచున మాత్రం బొటనవేలంత మచ్చ, అద్దంలా మెరుస్తోంది. డైరీ తీశాను. ‘11.40. నార ఆరింది. చుక్క పరుచుకుంది. మిత్రుడు చూశాడు. 11.50. ఎపాక్సీ పూత.’

“ఆ పొద్దు ఎట్ల చూసినావప్పా?” అని అడిగాను.

“ఎట్ల చూస్తారన్నా? ఇట్ల.” భార్య కొంగు అంచును బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పట్టి నలిపాడు.

నేతగాడు చూసేది వేళ్లతో. ఇన్నేళ్లు పక్కనే ఉండి ఆ సంగతి తెలియకుండానే ‘చూశాడు’ అని రాశాను.

“అయ్యో, తెల్లార్తూనే కాలికి కొబ్బరినూనె రుద్దుకున్న చెయ్యి కదరా నాయనా అది!” అని ఆమె నెత్తి కొట్టుకుంది.

మిత్రుడి మొహం వాడిపోయింది. “అయితే నేనే చెడగొట్టుకున్యానా?”

“నూనె అంటినకాడ ఎపాక్సీ పట్టలేదు, అంతే. తప్పు యాడుందో తెలిసింది కదా. రా, మళ్లీ చేద్దాం,” అన్నాను.

లెక్చరరమ్మ, నేను గ్లౌజులు వేసుకున్నాం. కడగడం, యాసిడ్, లిట్మస్ కాగితం రంగు మారనంతవరకు మళ్లీ మళ్లీ నీళ్లు, ఆరబెట్టడం. మిత్రుడి చేతులు ఊరుకోవని, ఆయన భార్య చిక్కుపడిన పట్టుదారం లడి ఒకటి సంచిలోంచి తీసి ఒళ్లో పడేసింది.

“నీకేమన్నా చూడల్లనిపిస్తే దీన్ని చూసుకో.”

ఆయన చిక్కు తీస్తూనే ఉన్నాడు, కళ్లు మాత్రం మా ట్రేమీద. మూడు గంటలకల్లా పొరలు పేర్చి అచ్చులో బిగించి ఓవెన్‌లో పెట్టాం. పక్కనే పరీక్షకని ఒక చిన్న ముక్క కూడా.

మరుసటి పొద్దున ముందు ఆ ముక్కనే ఉలితో విడదీయబోయాను. పొర ఊడలేదు, నారే తెగింది. పట్టీని పాదంలో బిగించి వాళ్లింటికి వెళ్లాం. మిత్రుడు గుంతలోకి దిగి పలక తొక్కాడు. పాతవి విడిపోయినప్పటిలా టిక్కుమని చప్పుడు వస్తుందేమోనని ఆయన భార్యా నేనూ చెవులు రిక్కించాం. నేతపోగును అదిమే పన్నె చప్పుడు తప్ప ఇంకేం లేదు.

అంతలో వాకిట్లో ట్రాక్టరు ఆగింది. “అక్కా, మన్ను యాడ పోయల్ల?”

“తొమ్మిది రోజులు గడవనీమ్మా,” అన్నాను నేను, రూఢిగా చెప్పలేక.

ఆమె గుంతలోకి తొంగి చూసింది. మిత్రుడు కొత్తగా నేసిన వేలెడు బట్టను వేళ్లతో చూసుకుంటున్నాడు.

“బయటే పోయప్పా,” అంది. “వానొస్తే వాకిట్లో నీళ్లు నిలుస్తాండాయి.”