సిరిసిల్ల సాంచాలు, జరిగిపోయే బాణం

2011. తెలంగాణ ఉద్యమం రోజులు. జగిత్యాలలో షేర్ల టెర్మినల్ నడుపుతున్నాను. వారంలో సగం రోజులు షట్టరు సగానికి దించుకునే కూర్చునేవాణ్ణి. బయట ఎవరు ఏ బంద్ పిలిచినా బొంబాయి మార్కెట్ ఆగదు కదా!

బంద్ లేని ఒకరోజు, మార్కెట్ నడుస్తుండగా సిరిసిల్ల నుంచి సత్తయ్య బండి మీద వచ్చాడు. అతనికి సొంతంగా నాలుగు సాంచాలు, అంటే మరమగ్గాలు, ఉండేవి. చేతిలో ఒక సీడీ. అందులో ఇండికేటర్, అంటే ధరలను లెక్కగట్టి చార్టు మీద గుర్తులు పెట్టే సూత్రం. కోరుట్లలో షేర్ల క్లాసులు చెప్పే ఒకాయన తానే కనిపెట్టానని చెప్పి అంటగట్టాడట. కొనాల్సిన చోట ఆకుపచ్చ బాణం, అమ్మాల్సిన చోట ఎర్ర బాణం.

"ఇది నీ కంప్యూటర్ల ఎక్కియ్యి అన్నా. రెండు నెలల సంది ఆయన రూంల చూస్తున్న, ఒక్క బాణం తప్పలే. ఇగ సాంచాలతోని పనిలేదు."

నాకు ఒళ్లు మండింది. "తప్పకపోతే గాయన కోరుట్లల క్లాసులెందుకు చెప్తుండు?"

"నువ్వు పెట్టి చూడరాదే," అని నవ్వాడు.

ఇలాంటివి వస్తే నేను చేసే పని ఒకటే. ఫైలు తెరిచి లోపలి సూత్రం చూడనివ్వరు. అందుకని దాన్ని చార్టు మీద పెట్టి, సాఫ్ట్‌వేర్‌లో ముందే ఉన్న ఇండికేటర్లను ఒక్కొక్కటిగా దాని మీద పరుస్తాను. ఏది సరిగ్గా కూర్చుంటే అదే దాని అసలు పేరు. చాలావరకు మూవింగ్ యావరేజ్‌కు, అంటే ధరల సగటు గీతకు, కొత్త చొక్కా తొడిగినవే. ఇది దానికి కలవలేదు. జిగ్‌జాగ్ పెట్టగానే ప్రతి మలుపు మీదా బాణం అతికినట్టు కూర్చుంది.

జిగ్‌జాగ్ అంటే ధరల ఎత్తుపల్లాలను కలిపే గీత. ధర మళ్లీ లేచాకే అది పల్లమని దానికి తెలుస్తుంది. అప్పటిదాకా చివరి మలుపు జరుగుతూనే ఉంటుంది.

"నువ్వు చార్టు చూసిందెప్పుడు సత్తయ్యా?"

"పొద్దుగూకినంకనే. పొద్దంతా రాస్తారోకోలాయె, కోరుట్లకు దారేది?"

అంటే మార్కెట్ మూశాక, బాణాలన్నీ సర్దుకున్నాక చూశాడు. పాపం, బంద్‌లు లేకుంటే ఒక్క పగలైనా చూసేవాడు. అతన్ని తెర ముందు కూర్చోబెట్టాను. ఆకుపచ్చ బాణం పడింది. ధర ఇంకా దిగింది. బాణం అక్కడ మాయమై, మరింత కింద కొత్త చోట పడింది.

"అరే! గిప్పుడే గీడుండె గదనే!"

"ధర ఎంబడి పోతది. రాత్రి చూస్తే ముందుగాల నుంచి గాడనే ఉన్నట్టు కొడ్తది."

సత్తయ్య మొహం పాలిపోయింది. వెంటనే భార్య లచ్చవ్వకు ఫోన్ కలిపాడు. "పాతినుము కొనే తుక్కు సేటు అస్తే సాంచాలు ఇయ్యకు!"

ఆమె గొంతు నాకూ వినబడింది. "ఇయ్యకుడేంది? పొద్దుగాల నువ్వు ఎల్లంగనే అచ్చిండ్రు. సమ్మెటలతోని పలగ్గొట్టి ట్రాలీల ఏసుకపోయిండ్రు. నువ్వే గద రమ్మన్నవ్?"

అతను సీడీని బల్ల మీదే వదిలేసి బండెక్కాడు. నాకు ఏడుపొచ్చింది. తర్వాత వేరేవాళ్ల సాంచాల మీద కూలికి పోతున్నాడని విన్నాను.

ఏ ఇండికేటర్‌నైనా మార్కెట్ నడుస్తుండగా చూడాలని ఇప్పుడు అందరికీ చెబుతాను. కానీ చార్టు తెరవకముందే ఇంకొకటి అడుగుతాను.

"ఇంట్ల ఏం అమ్మి అచ్చినవ్?"